వీధిలో గోల, గొడవ, బహిరంగ మద్యపానం: ఫిర్యాదు ఎలా రాయాలి, ఎక్కడ ఇవ్వాలి

ట్యూషన్ నుంచి రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చే అమ్మాయి దగ్గరి దారి వదిలి చుట్టూ తిరిగి ఇల్లు చేరుతోందంటే, ఆ దగ్గరి దారిలో ఏదో ఉన్నట్టే. మా కాలనీలో అది ప్రహరీ లేని ఒక ఖాళీ స్థలం. చీకటి పడగానే నాలుగైదు బైకులు వచ్చి ఆగేవి. సీసాలు, పెద్దగా పాటలు, అప్పుడప్పుడు తోపులాట. ఏడాదిన్నర పాటు మేమంతా దాని గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. సంఘం సమావేశాల్లో, వాట్సాప్ గ్రూపులో, పాల బూత్ దగ్గర ఇదే మాట.

చివరికి ఒక రోజు సంఘం కార్యదర్శిగా నేను స్టేషన్‌కు వెళ్లి, ఇన్నిసార్లు చెప్పినా ఎందుకు పట్టించుకోవడం లేదని అడిగాను. స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటర్ ఓపికగా రికార్డు తీసి చూపించారు. ఆ ఏడాదిన్నరలో మా కాలనీ నుంచి అందిన రాతపూర్వక ఫిర్యాదు ఒక్కటీ లేదు. 112కు చేసిన ఫోన్లు రెండు కనిపించాయి. రెండింటిలోనూ చిరునామా "గుడి వెనుక" అని మాత్రమే ఉంది. మా కాలనీలో గుళ్లు మూడు.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది: కాగితం మీదకు రాని గొడవ గస్తీ పట్టికలోకీ రాదు, జిల్లా లెక్కల్లోకీ రాదు. "మా ప్రాంతంలో నేరాలు తక్కువ" అని వార్త వచ్చినప్పుడు, అందులో మనం రాయని ఫిర్యాదులు కూడా కలిసి ఉంటాయి. ఆ తరువాత మేము చేసిన పనులను, చేసిన పొరపాట్లను కలిపి మీకోసం వరుసగా రాస్తున్నాను.

1. ముందు సమస్యకు సరైన పేరు పెట్టండి

"మా వీధిలో శాంతిభద్రతలు లేవు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో మన వీధి గొడవలకు వేర్వేరు పేర్లు, వేర్వేరు సెక్షన్లు ఉన్నాయి.

ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది బహిరంగ స్థలంలో కొట్టుకుని నలుగురి ప్రశాంతతకు భంగం కలిగిస్తే అది 194. ఇంట్లో అన్నదమ్ములు కొట్టుకుంటే ఈ సెక్షన్ వర్తించదు. బహిరంగ స్థలం అనేది ఇక్కడ కీలకం. ఐదుగురు లేదా అంతకు మించి చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో గుమిగూడితే 189, ఆ గుంపు బలప్రయోగానికి దిగితే 191. తాగి బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగిస్తే 355. దీనికి 24 గంటల వరకు సాధారణ జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా సమాజ సేవ. సమాజ సేవను శిక్షగా పెట్టిన కొద్ది నేరాల్లో ఇదొకటి. బూతు పాటలు, అసభ్య చేష్టలు 296. దారికి అడ్డంగా సామగ్రి వేయడం 285. అమ్మాయిలను మాటలతో, సైగలతో అవమానించడం 79, వెంటపడటం 78. ఈ చివరి రెండింటినీ దయచేసి "అల్లరి" అని రాయకండి. 79 కింద మూడేళ్ల వరకు జైలు పడే నేరం అది. అల్లరి అని మనమే రాస్తే, చదివేవారు కూడా అల్లరిగానే చూస్తారు.

వీటికి తోడు స్థానిక చట్టాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 1889 నాటి టౌన్స్ న్యూసెన్స్ చట్టం ఇప్పటికీ పని చేస్తోంది. హైదరాబాద్‌లో 1348 ఫస్లీ నాటి సిటీ పోలీస్ చట్టం ఉంది. రోడ్డు మీద మద్యం తాగేవారిపై, అర్ధరాత్రి దాటాక గుంపులుగా గోల చేసేవారిపై పోలీసులు పెట్టే "పెట్టీ కేసులు" (చిన్న నేరాల కేసులు) ఎక్కువగా ఇలాంటి చట్టాల కిందివే. పేకాటకు రెండు రాష్ట్రాల్లోనూ 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది.

సెక్షన్ నంబరు మీరు రాయాలన్న నిబంధన ఏదీ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు, సెక్షన్ పెట్టడం పోలీసుల పని. అయినా ఈ పేర్లు ఎందుకు తెలియాలంటే, ఏ వివరం రాయాలో అప్పుడే తెలుస్తుంది. 194కు స్థలం ముఖ్యం, 355కు ఎవరికి ఏ ఇబ్బంది కలిగిందన్నది ముఖ్యం, 79కు అన్న మాట యథాతథంగా ముఖ్యం.

మరొక మాట. కోపంలో "వీళ్ల మీద పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టండి" అనేవారు ప్రతి కాలనీలోనూ ఉంటారు. శాంతిభద్రతలు వేరు, ప్రజా వ్యవస్థ (పబ్లిక్ ఆర్డర్) వేరు అని సుప్రీంకోర్టు 1965లోనే, రామ్ మనోహర్ లోహియా నిర్బంధం కేసులో తేల్చి చెప్పింది. జస్టిస్ హిదాయతుల్లా దానిని ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు వలయాలతో పోల్చారు: అన్నింటికంటే పెద్దది శాంతిభద్రతలు, దాని లోపల ప్రజా వ్యవస్థ, ఇంకా లోపల దేశ భద్రత. 2021 ఆగస్టులో తెలంగాణకు చెందిన ఒక కేసులో అదే సూత్రాన్ని చెబుతూ ముందస్తు నిర్బంధ ఉత్తర్వును కొట్టేసింది. వీధి చివర తాగి గొడవ చేసేవారికి మామూలు చట్టం సరిపోతుంది. పెద్ద చట్టం కోసం పట్టుబడితే అది కోర్టులో నిలవదు, చిన్న కేసు కూడా చేజారిపోతుంది.

2. మీ ప్రాంతం స్వభావం తెలుసుకోండి

గొడవలకు కూడా ఊరూ కాలమూ ఉంటాయి. ఉభయ గోదావరి జిల్లాల్లో, కృష్ణా తీరంలో సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరులు వెలుస్తాయి. పందెం ఒక్కటే అయితే అది జంతుహింస, జూదం చట్టాల పరిధి. కానీ బరి పక్కనే గుండాట, పేకాట, మద్యం చేరుతాయి. కొట్లాట మొదలయ్యేది సాధారణంగా అక్కడే. పల్నాడు, రాయలసీమలోని కొన్ని ఊళ్లకు ఎన్నికలే గండం. 2024 మే 13న పోలింగ్ రోజూ ఆ తరువాతా జరిగిన హింసకు ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేసింది. ప్రశాంతతకు మారుపేరుగా చెప్పుకునే కోనసీమలో 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద మొదలైన నిరసన ఇళ్లు తగలబెట్టే దాకా పోయింది. నిర్మల్ జిల్లా భైంసాలో 2020 జనవరిలో, మళ్లీ 2021 మార్చిలో ఘర్షణలు జరిగాయి. హైదరాబాద్‌లో ఊరేగింపుల డీజేల మోత ఎంత పెరిగిందంటే, 2024 అక్టోబరులో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను, బాణసంచాను నిషేధించాల్సి వచ్చింది.

ఇవన్నీ పెద్ద సంఘటనలు. మీ వార్డుకు, మీ మండలానికి కూడా ఇలాంటి క్యాలెండరు ఒకటి ఉంటుంది. ఏ జాతరకు, ఏ నిమజ్జనానికి, జీతాల తరువాత వచ్చే ఏ శనివారానికి గొడవ జరుగుతుందో పాత కిరాణా కొట్టు యజమానికి, ఆటో స్టాండు పెద్దకు తెలుసు. వాళ్లను అడిగి రాసుకోండి.

తరువాత లెక్కలు. జాతీయ నేర నమోదు సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) ఏటా దేశం మొత్తం నేరాల నివేదిక ఇస్తోంది. "ప్రజా ప్రశాంతతకు వ్యతిరేకమైన నేరాలు" అని అందులో విడిగా ఒక విభాగం ఉంటుంది. చదివేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, కేసుల సంఖ్య కాకుండా లక్ష జనాభాకు ఎన్ని అన్నది చూడాలి. రెండవది, ఒకే ఎఫ్‌ఐఆర్‌లో అనేక నేరాలుంటే అందులో పెద్దదాన్ని మాత్రమే లెక్కిస్తారు. హత్యతో ముగిసిన కొట్లాట హత్యల పట్టికలోకి పోతుంది. మూడవది, నివేదిక ఆలస్యంగా వస్తుంది. 2023 నివేదిక 2025లో బయటికి వచ్చింది. అందువల్ల తాజా పరిస్థితికి ఏటా డిసెంబరు చివర్లో డీజీపీలు, కమిషనర్లు, ఎస్పీలు విడుదల చేసే వార్షిక నివేదికలే మేలు. నాలుగవది అన్నింటికంటే ముఖ్యం: కేసులు పెరగడం అంటే నేరాలు పెరగడమే కానక్కరలేదు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మహిళల వేధింపులపై పని చేసే పోలీసు బృందాలు, షీ టీమ్స్ మొదలయ్యాక అమ్మాయిలకు ఫిర్యాదు చేసే తలుపు ఒకటి తెరుచుకుంది. అలాంటి తలుపు తెరిచిన చోట అంకెలు పెరగడం సహజం. భయపడాల్సింది నిజంగా గొడవలున్నా అంకె సున్నా చూపించే ఊరి గురించి.

మీ స్టేషన్ పరిధి లెక్కలు ఆ నివేదికల్లో ఉండవు. వాటి కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము గ్రామ స్థాయి కార్యాలయానికి లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. జిల్లా పోలీసు కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి రాస్తూ, "గత 12 నెలల్లో ఫలానా స్టేషన్ పరిధిలో బహిరంగ మద్యపానం, బహిరంగ గొడవలపై నమోదైన పెట్టీ కేసులు నెలవారీగా ఎన్ని?" అని అడగండి. ఎందుకు, ఏమిటి అనే ప్రశ్నలు వద్దు, అంకెలు మాత్రమే అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

3. మూడు వారాలు ఒక నోటుపుస్తకం నడపండి

మా పని మలుపు తిరిగింది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఇరవై రూపాయల లాంగ్ నోటుపుస్తకం కొన్నాం. ఒక్కో పేజీని ఐదు గడులు చేశాం: తేదీ, సమయం, కచ్చితమైన చోటు, కంటితో చూసింది, చూసినవారి పేరు. స్థలానికి ఎదురుగా మేడ మీద ఉండే విశ్రాంత ఉపాధ్యాయురాలు ఆ పుస్తకాన్ని తన దగ్గర పెట్టుకుంటానన్నారు. మొదటి వారం మేము రాసినవి చూస్తే నాకే సిగ్గనిపించింది. "రోజూ లాగే తాగుబోతుల గోల" అని ఒకరు, "చాలా దారుణం" అని ఇంకొకరు. ఆ టీచర్‌గారు ఎర్ర పెన్నుతో వాటిని కొట్టేసి, "ఎందరు? ఎన్ని గంటలకు? ఏం చేశారు?" అని పక్కన రాశారు.

రెండో వారం నుంచి పేజీ మారింది. "12వ తేదీ, రాత్రి 9.40. 17వ నంబరు విద్యుత్ స్తంభం పక్కన. ఆరుగురు, మూడు బైకులు. రెండు సీసాలు రోడ్డు మీద పగలగొట్టారు. 10.25కు వెళ్లారు." ఇలా రాసిన ఇరవై ఒక్క రోజుల పుస్తకం తిరగేస్తే మేమెవరం ఊహించనిది బయటపడింది. రోజూ గొడవ అని మేము అనుకున్నది నిజానికి వారంలో మూడు రోజులే: శుక్ర, శని, ఆదివారాలు. అదీ తొమ్మిదిన్నర, పదిన్నర మధ్యే. గస్తీ బండి మాత్రం మా వైపు పదకొండున్నరకు వచ్చి సంతకం పెట్టి వెళ్లేది. ఎవరూ లేని స్థలాన్ని చూసి వెళ్లేది. పోలీసులు అబద్ధం చెప్పలేదు, మేమూ చెప్పలేదు. గంట తేడా.

విద్యుత్ స్తంభం నంబరు తప్పక రాయండి. చీకట్లో చోటు చెప్పడానికి అంతకంటే స్పష్టమైన గుర్తు మరొకటి లేదు.

ఊహించి రాయకండి. "గంజాయి తాగుతున్నారు" అని రాయాలంటే వాసన వచ్చిందా, పొట్లాలు కనబడ్డాయా అన్నది రాయాలి. మత్తు పదార్థాల అనుమానం ఉంటే ఆ సమాచారం నోటుపుస్తకంలో నానబెట్టకుండా వెంటనే చెప్పాలి. దానికి ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908 నంబర్లున్నాయి.

ఫొటోలు మీ ఇంటి నుంచో మేడ మీద నుంచో తీయవచ్చు గానీ దగ్గరికి వెళ్లి, మొహం మీద ఫోను పెట్టి తీయకండి. మా దగ్గర ఒక కుర్రవాడు అలా చేసి దెబ్బలు తిన్నాడు. సీసీ కెమెరా దృశ్యాలు కావాలంటే ఆలస్యం చేయకండి. చాలా కెమెరాల్లో కొద్ది వారాలకే పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టం పెద్ద దుకాణాలు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి చోట్ల కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డు ఉంచాలని చెబుతుంది. అంటే మీకున్న గడువు కూడా అంతే.

4. జరుగుతుండగా 112కు ఎలా చెప్పాలి

గొడవ కళ్ల ముందు ఉన్నప్పుడు ఉత్తరం రాయకూడదు, ఫోను చేయాలి. 112కు గానీ 100కు గానీ చేయండి. మొదటి వాక్యంలోనే చోటు చెప్పండి: కాలనీ, రోడ్డు నంబరు, స్తంభం నంబరు, పక్కనున్న ఒక గుర్తు. రెండో వాక్యంలో ఏం జరుగుతోంది, ఎందరున్నారు. మూడో వాక్యంలో చేతిలో కర్రలు, కత్తులు ఉన్నాయా, ఎవరికైనా దెబ్బలు తగిలాయా. కథ అంతా ఆ తరువాత. మీ పేరు బయటికి రాకూడదనుకుంటే ఆ మాట కూడా చెప్పండి.

చేసిన సమయం రాసుకోండి. బండి ఎన్ని నిమిషాలకు వచ్చిందో అదీ రాసుకోండి. త్వరగా వస్తే ఆ సంగతి ఫిర్యాదులో రాయాలి, ఆలస్యంగా వస్తే అదీ రాయాలి. మహిళలకు 181, పిల్లల విషయంలో 1098 ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉండే అమ్మాయిల ఫోన్లలో మహిళల భద్రత కోసం ఉన్న శక్తి యాప్ పెట్టించి, ఇంట్లోనే ఒకసారి ఎలా వాడాలో చూపించండి. అవసరం వచ్చిన రోజు నేర్చుకునే సమయం ఉండదు.

5. ఫిర్యాదు ఒక్క పేజీలో రాయండి

మేము మొదట రాసింది నాలుగు పేజీలు. అందులో దేశం ఎటు పోతోందన్న ఆవేదన రెండు పేజీలు. దాన్ని పక్కన పెట్టి రాసిన రెండోది ఇలా ఉంది:

"గౌరవనీయులైన స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. మా కాలనీ 4వ రోడ్డులో 17వ నంబరు విద్యుత్ స్తంభం పక్కనున్న ఖాళీ స్థలంలో 1వ తేదీ నుంచి 21వ తేదీ వరకు తొమ్మిది రాత్రులు, 9.30 నుంచి 10.30 మధ్య, ఐదారుగురు మద్యం తాగుతూ బిగ్గరగా బూతులు తిడుతూ దారిన పోయేవారిని ఆపుతున్నారు. 12వ తేదీన సీసాలు పగలగొట్టారు. 19వ తేదీన ఇద్దరు కొట్టుకున్నారు. 112కు ఫోను చేశాం. తేదీల వారీ వివరాలు జతపరిచాం. మా విన్నపం: శుక్ర, శని, ఆదివారాల్లో 9.30 నుంచి 10.30 మధ్య గస్తీ పెట్టాలి. చట్టప్రకారం చర్య తీసుకోవాలి. ఇరవై ఇద్దరి సంతకాలు."

అంతే. ఎవరి కులం, ఎవరి పార్టీ, ఎవరు ఎక్కడి నుంచి వచ్చిన కూలీలు అన్న మాటలు అందులో ఉండకూడదు. మా సంఘంలో కొందరు అనుమానమంతా దగ్గర్లో కట్టే భవనంలో పని చేసే ఒడిశా కూలీల మీద పెట్టారు. నోటుపుస్తకంలోని బైకు నంబర్లు మాత్రం మా పక్క వీధివారివని తేలింది. ఊహను కాగితం ఎక్కించి ఉంటే ఏ పాపం ఎరుగని మనుషులు స్టేషన్ మెట్లెక్కేవారు.

సంతకం అంటే భయపడే పెద్దవాళ్లకు ఒక సంగతి చెప్పండి. కేసు నడిపే పద్ధతి చెప్పే, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం 60 ఏళ్లు దాటినవారిని, మహిళలను సాక్ష్యం కోసం స్టేషన్‌కు పిలిపించకూడదు. పోలీసులే ఇంటికి రావాలి. ఈ ఒక్క మాటతో మాకు మరో ఎనిమిది సంతకాలు వచ్చాయి.

6. స్టేషన్‌లో ఏం అడగాలి

రెండు ప్రతులు తీసుకెళ్లండి. రెండోదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోకుండా రావద్దు. ముగ్గురు వెళ్తే చాలు. ముప్పై మంది వెళ్తే మాట్లాడటం కాస్తా ప్రదర్శన అవుతుంది.

ఇక్కడొక తేడా తెలియాలి. పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయగల నేరాలు కొన్ని, మేజిస్ట్రేటు అనుమతి కావలసినవి కొన్ని. బహిరంగంగా కొట్టుకోవడం, అసభ్య ప్రవర్తన, మహిళలను అవమానించడం మొదటి రకం. వీటిపై సమాచారం ఇస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. నాగరిక సురక్షా సంహితలో మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలుంది. సంఘటన మరో స్టేషన్ పరిధిలో జరిగిందన్న కారణంతో తిప్పి పంపకూడదు. జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అటు పంపాలి. ఫిర్యాదును ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. వేధింపుల ఫిర్యాదు అమ్మాయి ఇస్తుంటే మహిళా అధికారే నమోదు చేయాలి.

తాగి ఇబ్బంది పెట్టడం, మామూలు న్యూసెన్స్ రెండో రకం. వీటిని అదే సంహిత 174వ సెక్షన్ కింద పుస్తకంలో రాసుకుని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమంటారు. "ఇది కేసు కాదండీ" అన్న జవాబు వచ్చేది ఇలాంటప్పుడే. కోపం తెచ్చుకోకుండా రెండు అడగండి: పుస్తకంలో నమోదు చేసిన నంబరు ఇవ్వండి, పెట్టీ కేసుగా, లేదా బైండోవర్‌గా తీసుకోవచ్చా చూడండి. బైండోవర్ అంటే గొడవ చేయగలరని అనుమానమున్నవారిని తహసీల్దారు వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందు హాజరుపరచి, శాంతిగా ఉంటామని ఏడాది వరకు బాండు రాయించుకోవడం. వీధి రౌడీతనానికి జైలు కంటే ఇదే ఎక్కువ పని చేస్తుందని నా అనుభవం. బాండు మీద సంతకం పెట్టిన కుర్రవాడి తండ్రి కూడా ఆ రోజు నుంచి కొడుకును కనిపెట్టుకుని ఉంటాడు.

7. కదలకపోతే పైకి ఎలా వెళ్లాలి

ఎఫ్‌ఐఆర్ కట్టడానికి నిరాకరిస్తే నాగరిక సురక్షా సంహిత 173(4) కింద అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు కోర్టు. ఆ లోపు సోమవారాలు వాడుకోండి: ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణ కలెక్టరేట్లలో ప్రజావాణి. అక్కడిచ్చే రసీదు నంబరు మీ ఫైలులో ఉండాలి.

సమస్య మనుషులది కాక స్థలానిది అయితే, అంటే మురుగు, దారికి అడ్డు, కంచె లేని గుంత, పడిపోయే గోడ అయితే, పోలీసుల చుట్టూ తిరగకండి. అదే సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీఓకు దరఖాస్తు పెట్టండి. తొలగించమని షరతుతో కూడిన ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆయనకుంది. దీని పాత రూపమైన సీఆర్‌పీసీ 133వ సెక్షన్ కిందే 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసు నడిచింది. మురుగు కాలువలు బాగుచేయడానికి డబ్బు లేదన్న మున్సిపాలిటీ వాదనను జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. మీ మున్సిపాలిటీ "నిధులు లేవు" అంటే ఈ తీర్పు పేరు దరఖాస్తులో రాయండి.

మా స్థలం విషయంలో పోలీసు గస్తీ సగం పని చేసింది. మిగతా సగం చేసింది 17వ స్తంభానికి పెట్టిన దీపం, స్థల యజమానికి మున్సిపాలిటీ ఇచ్చిన నోటీసుతో వచ్చిన కంచె. వెలుతురున్న చోట కూర్చుని తాగడానికి ఎవరూ ఇష్టపడరు. అందుకే కేసు కంటే ముందు దీపం అడగండి.

8. మైకులు, డీజేలు

నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి అంటే పది నుంచి ఆరు వరకు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల నిశ్శబ్ద మండలంలో పగలు 50, రాత్రి 40. ఇవి 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు. మైకు పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి పది దాటాక బహిరంగ స్థలంలో మైకు నిషేధం. పండుగలకు ఏడాదిలో గరిష్ఠంగా 15 రోజులు అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది.

ఊరేగింపు నడుస్తుండగా డీజే బండి ముందు నిలబడి వాదించకండి. వారం ముందే మండపం కుర్రాళ్లతో కూర్చోండి. గుండె ఆపరేషన్ అయినవారు, పసిపిల్లలు, పరీక్షలకు చదివేవారు ఏ ఇళ్లలో ఉన్నారో చూపించండి. ఆ ఇళ్ల ముందు మోత తగ్గిస్తామని మా పిల్లలు మాట ఇచ్చి నిలబెట్టుకున్నారు. రెండు మతాల వారు కలిసి ఉండే వీధిలో ఊరేగింపు దారి, సమయం ముందే శాంతి సంఘం సమావేశంలో ఖరారు కావాలి. స్టేషన్‌లో జరిగే ఆ సమావేశానికి మీ వీధి నుంచి ఒకరైనా, వీలైతే ఒక మహిళ, తప్పక వెళ్లాలి.

9. పుకారు వస్తే

2018 మేలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో వచ్చిన అబద్ధాలకు తెలుగు నేల మీద అమాయకులు గుంపుల చేతుల్లో చనిపోయారు. అదే సమయంలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరా పంపి, డప్పు చాటింపుతో, పాటలతో అది అబద్ధమని చెప్పించారు. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

మీ గ్రూపులో అలాంటిది వస్తే ముందు అది ఏ ఊరిది, ఎప్పటిది అని అడగండి. స్టేషన్‌కు ఫోను చేసి, వచ్చిన జవాబును గొంతు రికార్డుగా పెట్టండి. చదవడం రానివారికి అదే చేరుతుంది. అనుమానితుడు కనిపిస్తే 112. చేయి చేసుకోవడం మొదలైతే మధ్యలోకి పిల్లలను, ఆడవాళ్లను పంపకండి. దూరం నుంచి గట్టిగా "పోలీసులు వస్తున్నారు" అని చెబుతూ ఉండండి.

అలాగే తాగి పట్టుబడిన కుర్రాళ్ల ఫొటోలను గ్రూపులో పెట్టవద్దు. మా నోటుపుస్తకంలోని బైకుల్లో ఒకటి సంఘం సభ్యుడి కొడుకుదే. ఆ అబ్బాయి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ రాత్రి అతని ఫొటో ఊరంతా తిరిగి ఉంటే ఏమయ్యేదో.

10. ఆగిపోయాక కూడా ఒక ఉత్తరం

కేసు నమోదైతే 90 రోజుల్లో దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు పోలీసులు తెలపాలి. ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, రాకపోతే వెళ్లి అడగండి. గొడవ ఆగిపోతే ఆ సంగతి కూడా స్టేషన్‌కు రాయండి: ఏ తేదీ నుంచి ఆగింది, ఏ గస్తీ ఏ సమయానికి వస్తోంది, దాన్ని ఎన్నాళ్లు కొనసాగించాలని కోరుతున్నారు. అధికారులు బదిలీ అవుతారు, గస్తీ పట్టిక మారుతుంది. కొత్తగా వచ్చినవారికి మీ చోటు గురించి చెప్పేది ఆ ఉత్తరమే. మా ఫైలులో అది ఐదో కాగితం. దాని నకలు ఇప్పటికీ టీచర్‌గారి దగ్గర, ఎర్ర పెన్ను గీతలున్న ఆ నోటుపుస్తకంలోనే ఉంది.